ఆరు నుంచి ఏడు వరకు ఉచితం

లోతోవాయి, సవాయీ దీవి, సమోవా
మార్చి 4

లాంగీ అక్కకు,

నువ్వు టెలికాం నియంత్రణాధికారివై ఆ పెద్ద కుర్చీలో కూర్చుని మూడేళ్ళు కావస్తోంది. ఈ మూడేళ్ళలో మన ఊరికి నీవల్ల దక్కినవి మీ ఆఫీసు అచ్చువేసిన గోడ క్యాలెండర్లు ఆరు. వాటిలో రెండు పాత ఏడాదివి. అయినా నేను ఏనాడూ నోరు తెరిచి ఏమీ అడగలేదు. ఇవాళ అడుగుతున్నాను.

ఫోన్ చేయక ఈ ఉత్తరమేమిటని విసుక్కోకు. సావిలి ఫోన్ కంపెనీ మీద ఫిర్యాదును ఆ కంపెనీ ఫోన్‌లోనే చెప్పడం నాకు మర్యాద అనిపించలేదు. పొద్దున్నే బస్సు డ్రైవరుకి ఇస్తే, అతను ఓడలో అవతలి దీవికి దాటి మధ్యాహ్నానికల్లా అపియాలో నీ చేతికిస్తాడు. కవరుకి జిగురు కాస్త ఎక్కువే రాశాను. అతనికి చదివే అలవాటుంది.

సంగతేమిటంటే, జనవరి నుంచి సావిలి వాళ్ళు రోజూ సాయంత్రం ఆరు నుంచి ఏడు వరకు ఫోన్ కాల్స్ ఉచితం చేశారు. ఆరు నుంచి ఏడు! ఆ వేళ మన దగ్గర ఏం జరుగుతుందో గుర్తుందా, అపియా గాలికి మరిచిపోయావా? ఆరుంబావుకి నేను చర్చి పక్కన వేలాడే ఖాళీ గ్యాస్ సిలిండరును ఇనుప కడ్డీతో కొడతాను. అది మొదటి గంట, అందరూ ఇళ్ళలోకి. ఆరున్నరకి రెండో గంట, ప్రార్థన మొదలు. ఆరూ యాభైకి కొట్టే మూడో గంట దాకా రోడ్డు మీద ఎవరూ కదలకూడదు, ఏ ఇంట్లోనూ ప్రార్థన తప్ప ఇంకో చప్పుడు వినపడకూడదు. తాత కాలం నుంచీ ఇంతే. ఇప్పుడేమో నేను రెండో గంట కొట్టగానే ఊరంతా ఫోన్లతో నాకు జవాబిస్తోంది.

నెల రోజుల్లో ఊరి సభ పదకొండు ఇళ్ళకు జరిమానా వేసింది. ఇంటికో పెట్టె డబ్బా చేపలు. సభ కార్యదర్శిని నేనే కాబట్టి ఆ చీటీలన్నీ నా చేత్తోనే రాశాను. మా అత్తగారు తెవుయిలాకి కూడా రాశాను. ఆవిడ సభలో లేచి నిలబడి, "ఏమయ్యా అల్లుడూ, దేవుడితో మాట్లాడ్డం రోజంతా ఉచితమే కదా. మా చెల్లెలితో ఈ ఒక్క గంటే ఉచితం. ఆయన కాసేపు ఆగలేడా?" అంది. పాస్టరు గారు కూడా నవ్వేశారు.

ఆ ఉచిత గంట మార్పించు అక్కా. నీకు ఒక్క సంతకం పని.

నీ తమ్ముడు
పెసమినో


అపియా
మార్చి 11

లోతోవాయి గ్రామ సభ కార్యదర్శి గారికి,

మీ ఉత్తరం అందినది. ఫిర్యాదులను నిర్ణీత నమూనాలో, రెండు ప్రతులతో సమర్పించవలెను. మీరు పంపినది ఆ నమూనాలో లేదు. పైగా దానిపై కోకో మరక ఉన్నది.

ఇది ఆఫీసు ఫైలుకి. ఇక నీకు.

ఒరే పెసమినో, ఒక్క సంతకం పని అని ఎంత తేలిగ్గా అనేశావురా! ఆ ఉచిత గంట ఇప్పించింది నేనే. పల్లెల్లో ఫోన్ ఖర్చు మరీ ఎక్కువైపోయిందని పోయిన ఏడాది విచారణ జరిపి, 'రోజుకొక గంట ఉచితంగా ఇవ్వాలి' అని సావిలి కంపెనీకి ఆర్డరు వేశాను. నా ఉద్యోగంలో అంత మంచి ఆర్డరు ఇంకొకటి రాయలేదని సంబరపడి ఆ రోజు ఆఫీసులో కేకు కూడా కోశాను. అందులో అన్నీ రాశాను. ఏ గంటో రాయలేదు.

నవ్వుకో. ఇరవై రెండేళ్ళు ప్రభుత్వానికి చట్టాలు రాసిపెట్టినదాన్ని. ఈ కుర్చీలోకి వచ్చిన మొదటి వారంలో ఇంజనీర్లు "లాయరమ్మకి తీగల సంగతేం తెలుస్తుందిలే" అని గుసగుసలాడుకుంటే, పట్టుదలకి పోయి అరవై అడుగుల టవరెక్కి దిగాను. రాత్రనక పగలనక కూర్చుని తీగలన్నీ నేర్చుకున్నాను. తీరా నేను తప్పింది తీగల్లో కాదు, నాకు బాగా వచ్చిన చట్టంలోనే. సావిలి పెద్ద మెరిక్ దొర తెలివైనవాడు. ఈ దీవుల్లో ఊళ్ళన్నీ నోరు మూసుకుని కూర్చునే గంట ఏదో కనుక్కుని, సరిగ్గా దాన్నే ఉచితం చేశాడు. ఎవరూ వాడరు, పైసా ఖర్చుండదు అనుకున్నాడు. మన వాళ్ళ భక్తి మీద అతనికి మనకంటే ఎక్కువ నమ్మకం ఉన్నట్టుంది.

ఇప్పుడు అసలు మాట. నా పదవీకాలం జూన్ నెలాఖరుకి ముగుస్తుంది. మళ్ళీ ఇవ్వాలా వద్దా అని జూన్ పన్నెండున మంత్రివర్గం తేలుస్తుంది. నాకీ కుర్చీ కావాలిరా. నీ దగ్గర దాపరికమెందుకు? మొదలుపెట్టిన పనులు సగంలో ఉన్నాయి. ఇలాంటప్పుడు నా సొంత ఊరు, అందులోనూ నా సొంత తమ్ముడు రాసిన ఫిర్యాదు మీద ఆర్డరు మార్చానంటే, మెరిక్ ఆక్లాండు నుంచి లాయర్ని దింపి పక్షపాతం పక్షపాతం అని గోల పెట్టిస్తాడు. కుర్చీ పోతుంది. నా తరవాత వచ్చేవాళ్ళు ఆ గంట జోలికి వెళ్ళరు.

కాబట్టి ఫిర్యాదు వేరే ఊరి నుంచి రావాలి. ఏ ఊరైనా సరే, ఒక్క ఉత్తరం చాలు. విచారణ పెట్టడానికి నాకు దారి దొరుకుతుంది. ఈ విషయం మనిద్దరి మధ్య కాగితం మీదే నడవనీ. రేపు ఎవరైనా అడిగితే దాచిందేమీ లేదని చూపించగలగాలి.

అన్నట్టు, జరిమానా పెట్టెలు ఊళ్ళో ఎవరి కొట్లో అమ్ముడవుతున్నాయో నేను అడగడం లేదు. పక్షపాతం మాట వచ్చింది కాబట్టి గుర్తొచ్చింది, అంతే.

అక్క


లోతోవాయి
మార్చి 22

అక్కా,

కొట్టు మాట ఎత్తడం అన్యాయం. ఊళ్ళో ఉన్నదే నా ఒక్క కొట్టు. చేపలు సముద్రంలోంచి డబ్బాల్లో రావు కదా.

నువ్వు చెప్పినట్టే అయిదు ఊళ్ళు తిరిగాను. ముందు పక్క ఊరి కార్యదర్శి సోలోమొనా దగ్గరికి వెళ్ళాను. "మీ ఊళ్ళో ప్రార్థన వేళ ఫోన్లు మోగుతున్నాయటయ్యా?" అని అడిగాను.

"మా ఊళ్ళోనా? మా వాళ్ళు అలాంటి మనుషులు కారు" అన్నాడు.

అతని వెనక డబ్బా చేపల పెట్టెలు చూరు దాకా పేర్చి ఉన్నాయి. "మరి అవేమిటి?" అన్నాను.

"పెళ్ళికి."

"ఎవరి పెళ్ళి?"

"ఎవరిదో ఒకరిది రాకపోదు కదా" అన్నాడు.

మిగతా నాలుగు ఊళ్ళలోనూ ఇదే తంతు. ఒకచోట నాకు చేమాకుల్లో కొబ్బరి పాలు పోసి కాల్చిన పాలుసామి పెట్టి మరీ అబద్ధమాడారు. కొబ్బరి పాలు చిక్కగా ఉన్నాయి కాబట్టి నేనేమీ అనలేకపోయాను. వాళ్ళననుకునీ లాభం లేదులే. మా ఊరు దేవుడి ముందు ఇరవై నిమిషాలు ఊరుకోలేకపోతోంది అని కాగితం మీద రాసి సంతకం పెట్టడానికి ఏ పెద్దమనిషికి చేయి ఆడుతుంది? నేను రాశానంటే, నువ్వు అక్కవి కాబట్టి రాశాను. మీ ఆఫీసు అని కాదు.

ఇంకొక కబురు. ఏప్రిల్ పదిన మలాకి పెదనాన్నకి పెద్దరికపు బిరుదు ఇస్తున్నారు. నువ్వు రాకపోతే ఆయన బతికున్నన్నాళ్ళూ దెప్పుతాడు. బహూకరించే చాపలకి మన ఇంటి ఆడపడుచు చేయి పడాలి. రెండు రోజులు ఆ మంత్రులని వదిలేసి రా.

పెసమినో


లోతోవాయి గ్రామ సభ
ఏప్రిల్ 13

గౌరవనీయులైన లాంగిమైనా గారికి,

ఈ నెల పదవ తేదీ సాయంత్రం, రెండవ గంట మ్రోగిన తరువాత, మలాకి గారి ఇంట, పాస్టరు గారు "ప్రభువా, మా హృదయములను నిశ్శబ్దము చేయుము" అని ప్రార్థించుచుండగా, మీ సంచిలోని ఫోన్ బిగ్గరగా పాడినది. పాడినది కీర్తన కాదు. అది 'మాట్లాడుకోండి, మాట్లాడుకోండి, ఆరు నుంచి ఏడు ఉచితం' అను సావిలి కంపెనీ ప్రకటన పాట అని పన్నెండుగురు పెద్దలు సాక్ష్యమిచ్చిరి. సంచి ఎక్కడున్నదో దొరుకులోపల పాట రెండు మార్లు పూర్తియైనది.

బిరుదు ఇచ్చిన దినమును, పాస్టరు గారి సమక్షమును దృష్టిలో ఉంచుకొని సభ విధించిన జరిమానా: పెద్ద పంది ఒకటి, డబ్బా చేపలు పది పెట్టెలు. ఈ నెలాఖరు లోపల చెల్లించవలెను.

ఇట్లు,
సభ కార్యదర్శి

అక్కా, ఇది వేరే కాగితం. సభకి సంబంధం లేదు.

మన ఇంటి మనిషి తప్పు మన ఇంటి తప్పే కాబట్టి పంది నాదే పోయింది. నా నల్ల పంది. దానికి నువ్వంటే ఇష్టంగా ఉండేది కూడానూ. డబ్బా చేపలు మాత్రం నువ్వే పంపు, మా కొట్లోంచి తీస్తే మళ్ళీ ఏదో ఒకటి అంటావు.

నవ్వుతూ రాస్తున్నాననుకోకు. సభలో నీ పేరు దాకా వచ్చి, రెండు సార్లు మళ్ళీ మొదటి నుంచి చదివాను. తోబుట్టువుని నెత్తిన పెట్టుకోవాల్సిన తమ్ముణ్ణి, లేచి నిలబడి నీ మీద తీర్పు చదివాను. ఫోన్ ఆపుకోవాలని నీకు తట్టలేదా అక్కా?

పెసమినో


అపియా
ఏప్రిల్ 24

పెసమినో,

డబ్బా చేపలు పది పెట్టెలు రేపటి ఓడలో వస్తున్నాయి. వాటితో పాటే నా అప్పీలు కూడా. సభలో చదువు.

ఒకటి, నేను రెండు రోజుల కోసం వచ్చిన అతిథిని. రెండు, ఫోన్ మోగింది కానీ నేను ఎత్తలేదు, మాట్లాడలేదు. మూడు, సంచి ఉన్నది వంట పాకలో, ప్రార్థన జరిగింది పెద్ద ఇంట్లో. నాలుగు, ఆ పాట నేను పెట్టుకున్నది కాదు. ఆఫీసు పరీక్షల కోసం కొన్న సావిలి ఫోన్ అది, పాట దాంతోపాటే వస్తుంది. ఇక ఆ కాల్ ఎవరు చేశారన్నది సభ నన్ను అడగలేదు. నేనూ చెప్పలేదు.

నీ సభ సంగతి సరే, ఇక్కడ నా సంగతి విను. ఆ బస్సు డ్రైవరు నోటి పుణ్యమా అని వార్త పేపరుదాకా పోయింది. మొదటి పేజీలో బొమ్మ వేశారు. నేను ఒక పందికి ఫోన్ తీగ కట్టి నడిపించుకుపోతున్నాను. పంది ముఖం బాగా వచ్చింది. నా ముఖం అంత బాగా రాలేదు. మెరిక్ నాకు రిబ్బను కట్టిన చేపల డబ్బా ఒకటి పంపాడు. 'అవసరపడుతుందేమోనని' అని చీటీ కూడా పెట్టాడు. అధికారులు బహుమతులు పుచ్చుకోకూడదు అన్న నిబంధన ప్రతి ఒకటి జతచేసి, డబ్బా తిప్పి పంపాను. ఆ తరవాత తలుపేసుకుని కూర్చున్నాను.

మంత్రిగారు పిలిచారు. "జూన్ పన్నెండు దాకా మీరు పేపర్లో పడకుండా ఉంటే మంచిదమ్మా" అన్నారు. కోపంగా అనుంటే బాగుండేది. జాలిగా అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. టవరెక్కినప్పుడు భయం వేయలేదు కానీ ఇప్పుడు వేస్తోందిరా. దేశంలో ఫోన్లన్నిటికీ కళ్ళెం వేయాల్సిన మనిషి తన సంచిలో ఫోన్ ఆపుకోలేకపోయింది అని మంత్రివర్గంలో ఎవరో ఒకరు నవ్వుతారు. అంతే, నా ఫైలు మూసేస్తారు.

అక్క


లోతోవాయి
మే 2

అక్కా,

నీ అప్పీలు సభలో చదివాను. బాగా రాశావని అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకుని కొట్టేశారు.

ఈ ఊళ్ళో బొడ్డు కోసిన పిల్ల ఈ ఊరికి అతిథి ఎలా అవుతుందని మలాకి పెదనాన్న అడిగాడు. ఫోన్ ఎత్తలేదన్న మాటకి, "ఎత్తుంటే ఆ పాటయినా ఆగేది" అన్నారు పాస్టరు గారు. వంట పాకకి గోడలు లేవు కాబట్టి మూడోది నిలబడలేదు. నాలుగోది విని సభలో ఉన్నవాళ్ళు ఆ పాట పాడడం మొదలుపెట్టారు. నేనే ఆపించాల్సి వచ్చింది.

మా అత్తగారు ఇంకో తీర్మానం పెట్టింది. మోగిన ఫోన్ వాళ్ళకే శిక్ష వేస్తే సరిపోదట. అవతల నుంచి చేసినవాళ్ళకి రెట్టింపు వేయాలట, అదీ ఈ ఏడాది మొదటి నుంచీ లెక్క వేసి మరీ. పెద్ద చర్చలెందుకు, పొద్దుపోతోంది అని నేను నచ్చజెప్పబోయాను. ఎవరూ వినలేదు. తీర్మానం గెలిచింది. అది కూడా నా చేతే రాయించారు. నీకు ఆ రోజు కాల్ ఎవరు చేశారో, ఏమో, జరిగిపోయినదాన్ని ఇప్పుడు తవ్వుకోవడం దేనికిలే.

అసలు చెప్పాలనుకున్నది ఇది. నిన్న బింగోలో మా ఆవిడ సలైవా పక్కన సోలోమొనా పెళ్ళాం కూర్చుందట. నీ బొమ్మ ఉన్న పేపరు చూసి ఏమందో తెలుసా? "పాపం, ఆవిడది కూడా మోగిందట" అంది. కూడా అంది అక్కా! చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా తలలూపారు. ఒక్కరూ నవ్వలేదు.

మేం మగవాళ్ళం అయిదు ఊళ్ళు తిరిగి తెచ్చుకోలేనిది బింగో బల్ల దగ్గర బయటపడింది. ముందుగా ఒప్పుకునే మనిషి కోసం ఊళ్ళన్నీ ఎదురుచూస్తున్నాయి. నీకు ఇష్టం లేకుండానే అందరికంటే ముందు నిలబడ్డావు. పేపర్లో బొమ్మ కూడా పడ్డాక ఇంక తలుపేసుకుని ఏం లాభం? తీసి బయటికి రా. నీ నోటితో నువ్వే చెప్పు.

పెసమినో


అపియా
మే 23

పెసమినో,

నువ్వు చెప్పిన పని చేశాను. మంత్రిగారు పేపర్లో పడొద్దన్నారు. రేడియో గురించి ఏమీ అనలేదు.

ఆదివారం మధ్యాహ్నం, ఊళ్ళన్నీ భోంచేసి నడుం వాల్చే వేళ, పది నిమిషాలు మాట్లాడాను. "నా పేరు లాంగిమైనా, మాది లోతోవాయి. ప్రార్థన వేళ నా ఫోన్ మోగింది. ఊరు జరిమానా వేసింది, చెల్లించాను. ఏ గంట ఉచితమో ఆర్డర్లో రాయకుండా వదిలేసింది కూడా నేనే. అది నా తప్పు. ఇలాంటిది ఇంకెవరికైనా జరిగితే నాకు రాయండి" అన్నాను.  ఇంటికి వెళ్ళి ఉద్యోగం పోతే ఎవరి దగ్గర వకీలుగా చేరాలా అని పేర్లు కూడా రాసుకున్నాను. అందరూ నా విచారణల్లో ఓడినవాళ్ళే.

బుధవారానికి నలభై మూడు ఊళ్ళ నుంచి ఉత్తరాలొచ్చాయి! నమూనాలో ఒక్కటీ లేదు. మూడింటి మీద కోకో మరకలున్నాయి. అన్నిట్లోనూ ఒకటే కథ. 'మా ఊరివాళ్ళు ఎవరూ చేయరు. పక్క ఊరి నుంచి వచ్చిన చుట్టాల ఫోన్లే మోగుతున్నాయి. దయచేసి ఆ గంట మార్చండి.' నలభై మూడు ఊళ్ళూ అంతే రాశాయి. ఈ దేశంలో ప్రార్థన వేళ అందరూ పక్క ఊళ్ళోనే ఉంటారని నాకు ఇప్పుడే తెలిసింది. నీ స్నేహితుడు సోలోమొనా ఉత్తరంలో చుట్టాలది ఏ ఊరో కూడా ఉంది. లోతోవాయి అట.

జూన్ అయిదున విచారణ. నువ్వు రావడానికి వీల్లేదు, మన ఊరి ఫిర్యాదు ఈ ఫైల్లో ఉండదు. నువ్వు హాల్లో కనపడితే ఆ ఆక్లాండు లాయరుకి పండగే.

అక్క


లోతోవాయి
మే 28

అక్కా,

రావద్దన్నావు కదా, రాను. మా అత్తగారు మాత్రం ఎప్పటి నుంచో అపియాలో పన్ను చూపించుకోవాలట. సరిగ్గా జూన్ అయిదునే చూపించుకుంటుందట. ఆవిడకి ఉన్నవే నాలుగు పళ్ళు. నేను ఆపలేను, నువ్వు చూసీ చూడనట్టు ఊరుకో.

ఆ రోజు రేడియో మా కొట్టు ముందు పెట్టాను. ఊరంతా విన్నది. నువ్వు 'మాది లోతోవాయి' అన్నప్పుడు మలాకి పెదనాన్న లేచి నిలబడ్డాడు. 

పెసమినో


అపియా
జూన్ 14

ఒరే తమ్ముడూ,

గంట మారింది. జూలై ఒకటి నుంచి ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర వరకు. ఆర్డర్లో ఈసారి గంటలూ నిమిషాలూ అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాశాను. కుర్చీ కూడా నిలిచింది, మరో మూడేళ్ళు! మొన్న పన్నెండున మంత్రివర్గంలో ఎవరో నవ్వారట, నిజమే. కానీ సొంత ఊరు వేసిన జరిమానా మారు మాట్లాడకుండా కట్టిన మనిషి ఎవరికీ లొంగదు అన్నారట ఇంకెవరో. నా అప్పీలు సంగతి వాళ్ళకి తెలియదు. నువ్వు చెప్పకు.

విచారణ గురించి మీ అత్తగారు ఊళ్ళో ఎలా చెప్పిందో ఊహించగలను. నిజంగా జరిగింది ఇది. హాలు నిండా ఊరి పెద్దలు, విసనకర్రలు ఊపుకుంటూ కూర్చున్నారు. ఆక్లాండు లాయరు లేచి, ఆ గంట వల్ల నష్టపోయిన మనిషే విచారణ జరపడం పక్షపాతం కాదా అన్నాడు. "నాకు జరిమానా వేసింది కంపెనీ కాదండీ, ఊరు. నాకు కోపమంటూ ఉంటే ఊళ్ళ మీద ఉండాలి" అన్నాను. హాలంతా ఘొల్లుమంది. అతను కూర్చున్నాడు.

తరవాత మెరిక్ లేచాడు. మొదట్లో అనుకున్న మాటనే నమ్ముకుని వచ్చాడు పాపం. "ఆ వేళ అందరూ ప్రార్థనలో ఉంటారు. ఎవరూ ఫోన్ చేయరు. ఇంక ఎవరికి ఇబ్బంది?" అన్నాడు. నేను అతని కంపెనీయే మాకు పంపిన పట్టిక తీసి చదివాను. రోజు మొత్తంలో ఈ దేశం అన్నిటికంటే ఎక్కువ మాట్లాడుకునేది సాయంత్రం ఆరున్నర నుంచి ఆరూ యాభై వరకు! మెరిక్ ఆ కాగితం తీసుకుని రెండు సార్లు చూసుకున్నాడు. విసనకర్రలు ఆగిపోయాయి. నలభై మూడు ఊళ్ళ పెద్దలు తమ కాళ్ళ వంక చూసుకున్నారు. చివరి వరసలోంచి మీ అత్తగారి గొంతు ఒక్కటే వినిపించింది: "చుట్టాలు ఎక్కువైపోయారు నాయనా."

ఇక మనిద్దరి లెక్క.

ఆ పరీక్షల ఫోన్ ఇంకా నా సొరుగులోనే ఉంది. ఏప్రిల్ పదో తేదీ సాయంత్రం దాని మీద ఒకే నంబరు నుంచి నాలుగు మిస్డ్ కాల్స్. ఆఖరిది సరిగ్గా ఆరున్నరకి. ఆ నంబరు మీ కొట్టు బోర్డు మీద ఎర్ర రంగుతో రాసి ఉంటుంది. పాస్టరు గారు సంచి నా చేతికి ఇచ్చిన నిమిషం నుంచీ నాకు తెలుసు. ఊరి ముందు తమ్ముణ్ణి పట్టివ్వడం ఇష్టం లేక నోరు మూసుకున్నాను, పేపర్లో బొమ్మ పడినా మూసుకున్నాను. నీ పథకం నాకు మొదట్లో అర్థం కాలేదు, తిట్టుకున్నాను. అక్కని నలుగురిలో ఇరికిస్తే తప్ప ఈ పనికి పూనుకోదని లెక్క వేశావు. ఎంత మోసగాడివిరా! నాకు కుర్చీ దక్కింది కాబట్టి క్షమించాను. కానీ నేను న్యాయవాదిని. రెట్టింపు తీర్మానం నీ చేత్తోనే రాశావు, ఏడాది మొదటి నుంచీ అమలు అని కూడా రాశావు. ఈ శనివారం లోపల నీ అంతట నువ్వే సభలో ఒప్పుకో. లేకపోతే ఆ ఫోన్‌ని భద్రంగా పొట్లం కట్టి మీ అత్తగారి పేర పంపుతాను.

నీ అక్క
నియంత్రణాధికారి


లోతోవాయి గ్రామ సభ
జూన్ 20

ఈ గ్రామ సభ కార్యదర్శి పెసమినో గారికి,

ఏప్రిల్ పదవ తేదీ సాయంత్రం ప్రార్థన వేళ ఫోన్ చేసిన నేరమును మీరు స్వయముగా ఒప్పుకొనినందున సభ మీకు విధించిన జరిమానా: పెద్ద పందులు రెండు, డబ్బా చేపలు ఇరవై పెట్టెలు. చేపలు మీ కొట్టులోనివి చెల్లవని శ్రీమతి తెవుయిలా గారు ప్రత్యేకముగా కోరిరి. సభ అంగీకరించినది.

ఇట్లు,
సభ కార్యదర్శి పెసమినో

ప్రతి: గౌరవనీయులైన లాంగిమైనా గారికి, అపియా

అక్కా,

పై తీర్పు నేనే రాసి, నేనే చదివి, నేనే లేచి నిలబడి విన్నాను. నీ పేరు చదివినప్పటికంటే ఇది తేలికగా ఉంది.

కానీ పథకం అన్నావు చూడు, అక్కడ నన్ను మరీ ఎత్తేశావు. అంత తెలివే ఉంటే నేను ఈ గంట కొట్టుకుంటూ ఉంటానా? పోనీ ఆ పేరు నాకే ఉండనిద్దామా అని రెండు రోజులు ఆలోచించాను. సభలో నిజం చెప్పేశాక నీకు అబద్ధం రాయబుద్ధి కాలేదు.

ఆ రోజు ఆరుంబావుకి మొదటి గంట కొట్టాను. కొట్టగానే నువ్వు గుర్తొచ్చావు. అపియాలో ఉండీ ఉండీ నీకు ఇవన్నీ మరుపుకొచ్చి ఉంటాయి, మంత్రి ఎవరో చేస్తారని ఫోన్ తెరిచే ఉంచుతావు, పాస్టరు గారి ముందు మోగితే అక్క పరువేం కాను అనుకున్నాను. మలాకి పెదనాన్న ఇల్లు ఊరి ఆ చివర. గంట వదిలి అంత దూరం రాలేను. అందుకని నువ్వు వచ్చిన రోజు ఇచ్చిన నంబరుకి ఫోన్ చేశాను. ఉచితమే కదా. బిరుదు సందడిలో వినపడలేదేమో, నువ్వు ఎత్తలేదు. ఇంకోసారి చేశాను, మరోసారి చేశాను. నాలుగోసారి చేస్తుండగా ఆరున్నర అయింది. ఎడం చేత్తో ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే, కుడిచేత్తో రెండో గంట కొట్టాను. అప్పుడు ఊరి ఆ చివర నుంచి ఆ పాట వినిపించింది.

నీ ఫోన్ ఆపెయ్యమని చెప్పడానికే చేశాను అక్కా!

సభలో ఇది చెప్పగానే మలాకి పెదనాన్న కళ్ళ నీళ్ళు పెట్టుకుని మరీ నవ్వాడు. పాస్టరు గారు మోకాళ్ళ మీద వాలిపోయారు, ప్రార్థన అనుకున్నాం, కాదు. మా అత్తగారు మాత్రం రెండు పందుల్లో ఒకటి తగ్గిద్దామంది. ఎవరూ ఒప్పుకోలేదు.

నీ జరిమానాకి పోయిన నల్ల పందితో కలిపి ఆ ఉచిత కాల్‌కి మన ఇంటి నుంచి మూడు పందులు పోయాయి. వచ్చే శనివారం ఆ రెండిటినీ ఊరికి వండి పెడుతున్నాం. నువ్వు తప్పకుండా రా. సంచిలో ఫోన్ ఉంటే ఓడ దిగేటప్పుడే ఆపేసుకో. ఈసారి గుర్తు చేయడానికి నేను ఫోన్ చేయను.

నీ తమ్ముడు
పెసమినో